అప్‌డేట్: ఇంగ్లిష్‌లో మాటలు ఒకదానికొకటి అతుక్కుపోవడం గురించి

అమెరికా టీమ్‌తో కాల్స్‌లో సగం మాటలు మింగేస్తున్నట్టు వినిపిస్తున్నాయని రెండు నెలల క్రితం అడిగాను. మనం 'వాడు ఎక్కడ'ని 'వాడెక్కడ' అన్నట్టే అక్కడా జరుగుతుందని ఒకరు చెప్పారు. ఆ ఒక్క ముక్కతో దారి దొరికింది, చాలా థ్యాంక్స్ అండీ.

రోజూ పావుగంట ఒకే వాక్యాన్ని పదేసి సార్లు విని, వెంటనే పలుకుతున్నాను. 'పిక్ ఇట్ అప్' వాళ్ల నోట 'పికిడప్'. అచ్చుల మధ్య ట వస్తే నాలుక అలా తాకి వదిలేస్తుంది, అందుకే 'డ'లా వినిపిస్తుంది. 'డిడ్ యూ' అయితే 'డిజూ'. 'టెన్ బాయ్స్'లో బ కోసం పెదవులు ముందే మూసుకుంటాయి, న కాస్తా మ అవుతుంది.

నిన్నటి కాల్‌లో నేను ఒక్కసారి కూడా మళ్లీ చెప్పమని అడగలేదు!

'కెన్', 'కాంట్' దగ్గర మాత్రం ఇంకా టెన్షనే. చివరి ట సరిగా వినపడదు. అచ్చు నొక్కి పలికితే 'కాంట్', తేలిగ్గా 'కన్' అనేస్తే 'కెన్' అని గుర్తుపెట్టుకుని వింటున్నాను.