తింటే తగ్గుతుందా, తినేవారిలో తక్కువా?

అనువాదకురాలు:
సభ్యులకు నమస్కారం. ఆరోగ్య వ్యాసాలు తెలుగు చేయడం నా వృత్తి. ‘ప్రయోగం’, ‘అధ్యయనం’, ‘పరిశోధన’, ‘సర్వే’ అనే నాలుగు మాటల్లో ఏది తోస్తే అది వాడేయడం మామూలైపోయింది. ఇప్పుడు నా దగ్గరున్న వ్యాసాన్నే తీసుకోండి. అందులో ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ‘మీరు బాదం ఎంత తరచుగా తింటారు’ అని జనాన్ని అడిగారు, కొన్నేళ్ల తర్వాత ఎవరికి గుండెజబ్బు వచ్చిందో చూశారు. నేను ‘అధ్యయనంలో కనిపించింది’ అని రాసి పంపాను. పత్రికవాళ్లు దాన్ని ‘ప్రయోగంలో రుజువైంది’గా మార్చి, పైన ‘రోజూ బాదం తింటే గుండె పదిలం’ అని శీర్షిక తగిలించారు. వాదించడానికి నాకు ఆధారం కావాలి. ఈ తేడా చూపే మాటలు మనకు ఉన్నాయా, కొత్తవి పుట్టించుకోవాలా?

వ్యాకరణాభిమాని:
పుట్టించనక్కర్లేదండి, ఉన్నవాటిని సరిగా వాడితే చాలు. ‘ప్రయోగం’ యుజ్ ధాతువు నుంచి వచ్చింది. కలపడం, పూన్చడం అని దాని అర్థం. బ్రహ్మాస్త్ర ప్రయోగం, బలప్రయోగం, కవిప్రయోగం, కర్మణి ప్రయోగం ఇవన్నీ మనకు తెలిసినవే. అన్నింటిలోనూ ప్రయోగించేవాడు ఒకడు ఉంటాడు, ప్రయోగించేది ఒకటి ఉంటుంది. చేతబడి సంగతే చూడండి. ఊళ్లో ఒకరికి జ్వరం వస్తే దాన్ని ఎవరూ ప్రయోగం అనరు. ఫలానావాడు చేయించాడని అనుమానం వచ్చాకే ‘ప్రయోగం జరిగింది’ అంటారు. మీ బాదం వ్యాసంలో ప్రయోక్త లేడు కనుక అది ప్రయోగం కాదు. చూశారు, రాసుకున్నారు, అంతే. దాన్ని పరిశీలన అనాలి.

గణాంకశాస్త్రం మాస్టారు:
ముప్పాతిక వంతు సరిగ్గా చెప్పారు. మిగిలిన పాతిక నేను చెబుతాను, ఎందుకంటే పరీక్షల్లో పిల్లలు తప్పేది అక్కడే. ప్రయోక్త ఉంటే చాలదు. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో ఎలా తేల్చారన్నది అసలు ప్రశ్న. తమకు నచ్చినవారికి ఇస్తే, లేదా అడిగినవారికే ఇస్తే, చేయి పెట్టినా అది మంచి ప్రయోగం కాదు. చీట్లు వేసి తేల్చాలి. చీటీకి డబ్బున్నవాడు, లేనివాడు తెలియదు, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాడు, లేనివాడు కూడా తెలియదు. అందుకే చీటీతో విడిపోయిన రెండు జట్లు మనకు తెలిసిన విషయాల్లోనూ, మనం ఊహించని విషయాల్లోనూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. కాదంటే ఆ తేడా యాదృచ్ఛికంగా వచ్చే తేడాయే, దాని కొలత లెక్కకు అందుతుంది.

బాదం తినేవారి విషయంలో అలా కాదు. బాదం కొనగలిగినవారు వైద్యానికీ ఖర్చు పెట్టగలరు. శ్రద్ధగా తినేవారు శ్రద్ధగా నడుస్తారు కూడా. గుండెను కాపాడింది బాదమో, నడకో, జేబో ఆ వ్యాసం తేల్చలేదు.

వ్యాకరణాభిమాని:
అయితే తేడా మన క్రియల్లోనే ఉంది కదా మాస్టారూ! ‘తింటే’ చేదర్థకం. ‘మొక్కలు నాటితే వానలు పడతాయి’ అని బళ్లో దీన్ని కార్యకారణ సంబంధంగానే నేర్పుతారు. ‘తినే’ తద్ధర్మార్థకం, అంటే అది వారి అలవాటు, వారి ధర్మం అని మాత్రమే చెబుతుంది. ‘బాదం తినేవారిలో గుండెజబ్బు తక్కువ’ అనేది పరిశీలన. ‘బాదం తింటే గుండెజబ్బు తగ్గుతుంది’ అనాలంటే ప్రయోగం చేసి ఉండాలి. ‘తక్కువ’కూ ‘తగ్గుతుంది’కీ మధ్య కూడా ఇదే దూరం. ఒకటి ఉన్న స్థితి, రెండోది వచ్చిన మార్పు.

ఇంకా ముందుకు వెళితే ప్రేరణార్థకం ఉంది. తిను, తినిపించు. తాగు, తాగించు. వాడు, వాడించు. తినిపిస్తే ప్రయోగం, తింటుంటే చూస్తే పరిశీలన.

మాస్టారు:
ఇది నేను తరగతిలో వాడుకుంటాను, ముందే చెబుతున్నాను.

డెస్కులో పనిచేసే సభ్యుడు:
పత్రికవాళ్ల తరఫున ఒక చిక్కు చెప్పనివ్వండి. ‘తినిపించినవారు’ అంటే తిన్నవారా, ప్లేటు పట్టుకుని వెంటపడ్డ పరిశోధకులా? పాఠకుడు రెండోదే అనుకుంటాడు. ‘తినిపించబడినవారు’ అంటే ఆ రోజు పేపరు ఎవరూ కొనరు.

వ్యాకరణాభిమాని:
ఒప్పుకున్నాను. ‘బాదం ఇచ్చిన జట్టు, ఇవ్వని జట్టు’ అనండి. ‘ఇచ్చిన’ అనే మాట చాలు, ఇచ్చినవాడు ఉన్నాడని తెలిసిపోతుంది.

కొత్త సభ్యురాలు:
క్షమించండి, మధ్యలో వస్తున్నాను. దీన్నే ‘కాకతాళీయం’ అంటారు కదా? కాకి వాలడం, తాటిపండు రాలడం.

మాస్టారు:
కాదమ్మా, ఈ మాటను చాలామంది ఇక్కడికే లాక్కొస్తారు. కాకి, తాటిపండు కథలో రెండింటికీ ఏ సంబంధమూ లేదు, ఒకే క్షణంలో జరిగాయంతే. బాదానికీ గుండెకూ మధ్య కనిపించిన పొత్తు అలాంటిది కాకపోవచ్చు. మళ్లీ లెక్క తీసినా అదే కనిపించవచ్చు. అది నిజమైన పొత్తే. కానీ రెండింటినీ నడిపించే మూడోది వెనక ఉండవచ్చు. కాకతాళీయాన్ని ఎక్కువ మందిని చూసి వదిలించుకోవచ్చు. ఈ మూడోదాన్ని లక్షల మందిని చూసినా వదిలించుకోలేం.

ఈ మాటకు 1954లో అమెరికాలో జరిగిన పోలియో టీకా పరీక్ష సాక్ష్యం. జోనాస్ సాల్క్ తయారుచేసిన టీకాను రెండు పద్ధతుల్లో పరీక్షించారు. కొన్ని ప్రాంతాల్లో తల్లిదండ్రులు సరేనన్న పిల్లలను యాదృచ్ఛికంగా విడదీసి, సగం మందికి టీకా, సగం మందికి ఉత్తుత్తి సూది ఇచ్చారు. ఎవరికి ఏది పడిందో పిల్లలకూ తెలియదు, జబ్బును నిర్ధారించే వైద్యులకూ తెలియదు. టీకా పడ్డవారిలో లక్షకు 28 మందికి, ఉత్తుత్తి సూది పడ్డవారిలో లక్షకు 71 మందికి పోలియో వచ్చింది. ఇప్పుడు వినండి. ఆ ప్రాంతాల్లోనే, మాకు వద్దన్న కుటుంబాల పిల్లల్లో లక్షకు 46 మందికే వచ్చింది. టీకా అందనివారే ఇద్దరూ. అయినా ఒప్పుకున్నవారిలో 71, వద్దన్నవారిలో 46!

కారణం పరిశుభ్రత. ఒప్పుకున్న కుటుంబాలు ఎక్కువగా కాస్త ఉన్నవాళ్లు, చదువుకున్నవాళ్లు. శుభ్రమైన ఇళ్లలో పెరిగే పిల్లలకు ఆ వైరస్ ఆలస్యంగా తగులుతుంది. పేదవాడల్లో పసితనంలోనే తగులుతుంది, అప్పటికి తల్లి నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఒంట్లో ఉంటుంది కాబట్టి చాలామంది తేలిగ్గా బయటపడి, తర్వాతికి రక్షణ సంపాదించుకుంటారు. ఈ సంగతి తెలియకుండా టీకా వేయించుకున్నవారిని, వద్దన్నవారిని పోల్చి ఉంటే టీకా మేలు 71కీ 28కీ మధ్య ఉన్నంత కాకుండా, 46కీ 28కీ మధ్య ఉన్నంతే కనిపించేది.

రెండో పద్ధతిలో జరిగింది దాదాపు అదే. రెండో తరగతిలో ఒప్పుకున్నవారికి టీకా వేశారు. ఒకటి, మూడు తరగతుల పిల్లలందరినీ ఊరికే గమనించారు. అక్కడ లక్షకు టీకా వేసినవారిలో 25, ఊరికే గమనించినవారిలో 54. ఆ 54లో ఒప్పుకునేవారూ, వద్దనేవారూ కలగలిసి ఉన్నారు. చేయి పెట్టారు, టీకా ఇచ్చారు, కానీ చీటీ లేదు. వ్యాకరణం ప్రకారం అది ప్రయోగమే, నా దృష్టిలో సగం ప్రయోగం.

డెస్కు సభ్యుడు:
మన దగ్గర ఇలాంటివి జరిగాయా మాస్టారూ? అన్నీ అమెరికావేనా?

మాస్టారు:
ఈ బృందానికి సరిపోయేది ఒకటుంది, తెలుగు మార్కుల గురించి. ప్రైవేటు బడి పిల్లలకు ప్రభుత్వ బడి పిల్లల కంటే మార్కులు ఎక్కువ వస్తాయని అందరూ చూస్తున్నదే. అది పరిశీలన. బడి వల్ల వస్తున్నాయా, ఆ బడికి పంపగల ఇంటి వల్లా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలుపెట్టి దీన్ని ప్రయోగంగా చేశారు. ఐదు జిల్లాలు, 180 ఊళ్లు. ప్రభుత్వ బడి పిల్లల తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టుకున్నారు, ఎంపికైతే ప్రైవేటు బడి ఫీజు కడతారు. లాటరీ రెండుసార్లు తీశారు. మొదట ఏ ఊళ్లకు ఈ అవకాశం వస్తుందో, తర్వాత ఆ ఊళ్లలో ఏ పిల్లలకు వస్తుందో. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ఫలితాలు ప్రచురించారు. నాలుగేళ్ల తర్వాత కూడా లాటరీ తగిలిన పిల్లలకూ, తగలని పిల్లలకూ తెలుగు, లెక్కల మార్కుల్లో తేడా లేదు. హిందీలో మాత్రం తగిలినవారు ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగుకూ, లెక్కలకూ తక్కువ సమయం ఇచ్చి, ఆ సమయాన్ని హిందీ లాంటివాటికి వాడాయి. తక్కువ సమయంలో అంతే నేర్పాయంటే అది వాటి గొప్పే అని ఒక వాదన కూడా ఉంది, దాని జోలికి ఇక్కడ వెళ్లను.

లాటరీ ఊళ్లకు వేరుగా ఎందుకంటే, ఒక ఊళ్లో కొందరు బడి మారితే మిగిలిన పిల్లల చదువు మీద కూడా ఆ ప్రభావం పడవచ్చు. అది తెలియాలంటే ఎవరూ మారని ఊళ్లు కూడా ఉండాలి. ప్రయోగ రచన అంటే ఇలాంటి ముందుచూపు. ‘రచన’ అనే మాట నాకు ఇందుకే ఇష్టం, వ్యూహరచనలో ఉన్న రచన అది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు 1940లలో రూపొందించిన అమరికలు (ఆర్థోగనల్ అరేలు) కూడా ఈ రచనకు సంబంధించినవే. ఎన్నో అంశాలను కొద్ది ప్రయోగాల్లోనే పరీక్షించడానికి వాటిని కర్మాగారాల్లో ఇప్పటికీ వాడుతున్నారు.

అనువాదకురాలు:
లాటరీ రెండు రకాలని నాకూ ఎదురవుతూ ఉంటుంది. జనంలోంచి కొందరిని తీసుకోవడానికి ఒకటి, తీసుకున్నవారికి ఏది ఇవ్వాలో తేల్చడానికి ఇంకొకటి. రెండింటికీ ‘యాదృచ్ఛిక’ అనే రాస్తున్నాను.

మాస్టారు:
‘యాదృచ్ఛిక ఎంపిక’, ‘యాదృచ్ఛిక కేటాయింపు’ అని విడదీయండి. ఎంపిక సరిగా ఉంటే ఫలితం అందరికీ వర్తిస్తుంది. కేటాయింపు సరిగా ఉంటే కారణం తెలుస్తుంది. ఎన్నికల సర్వేలో మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు.

ఇంకొకటి. ‘నియంత్రిత సమూహం’ అని రాయకండి, ఎవరినో కట్టేసినట్టు ఉంటుంది. ఆ జట్టును ఎవరూ నియంత్రించరు, పోల్చడానికే పెట్టుకుంటారు. ‘పోలిక జట్టు’ చాలు.

డెస్కు సభ్యుడు:
చివరి సందేహం. మీ లెక్కన సిగరెట్టు తాగితే కాన్సర్ వస్తుందని కూడా రాయకూడదు. ఎవరిచేతా చీటీ వేసి తాగించలేదుగా?

మాస్టారు:
మంచి దెబ్బ కొట్టారు. ఇదే వాదన చేసినవాడు సామాన్యుడు కాదు, రోనాల్డ్ ఫిషర్. చీటీ వేసి కేటాయించే పద్ధతిని వ్యవసాయ ప్రయోగాల్లో నిలబెట్టి, 1935లో దాని మీద పుస్తకం రాసినవాడు. స్వయంగా పైపు తాగేవాడు. పొగ మీద కోరికకూ, కాన్సర్‌కూ వంశపారంపర్యంగా వచ్చే ఒకే కారణం ఉండవచ్చని చివరిదాకా వాదించాడు. తర్కంగా చూస్తే తప్పు లేదు. కానీ 1951లో మొదలుపెట్టి బ్రిటన్‌లో సుమారు 40,000 మంది వైద్యులను ఏళ్ల తరబడి గమనించారు. ఎక్కువ తాగినవారికి ముప్పు ఎక్కువ, మానేసినవారికి క్రమంగా తక్కువ. 1959లో గణాంకశాస్త్రవేత్త జెరోమ్ కార్న్‌ఫీల్డ్, అతని సహచరులు ఒక లెక్క చూపారు. పొగ తాగేవారికి ముప్పు తొమ్మిది రెట్లు ఉంటే, దానంతటికీ ఆ దాగిన కారణమే మూలం కావాలంటే అది తాగనివారిలో కంటే తాగేవారిలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉండాలి. అలాంటిది ఎవరూ చూపలేకపోయారు. పరిశీలన నుంచి చేదర్థకానికి వెళ్లవచ్చు, కానీ అంత సామగ్రి కావాలి. బాదం వ్యాసానికి అది లేదు.

అనువాదకురాలు:
అందరికీ ధన్యవాదాలు. ఇలా పంపుతున్నాను: ‘తరచుగా బాదం తినేవారిలో గుండెజబ్బులు తక్కువగా కనిపించాయి. ఇది పరిశీలన మాత్రమే, బాదానికీ గుండె ఆరోగ్యానికీ సంబంధం ఉన్నట్టు ఇందులో తేలింది.’

వ్యాకరణాభిమాని:
‘సంబంధం’ దగ్గర ఒక్క క్షణం ఆగండి. మనవాళ్లకు ఆ మాట వినగానే పెళ్లి కుదిరిందనిపిస్తుంది.

డెస్కు సభ్యుడు:
ఆ రెండో వాక్యం తీసేయండి మేడం. మొదటిదే శీర్షికగా ఇస్తే నేనైతే మార్చను, రెండు వరుసల్లో పడుతుంది.