మంచు మింగి ఇంజిన్ ఆగితే తప్పు ఎవరిది?

సునాబెడ కుర్రాడు: నిన్న టీ బడ్డీ దగ్గర మొదలైన గొడవ ఇంకా తెగలేదు. మంచు కురిసిన రాత్రి ఆరుబయట నిలిపిన హెలికాప్టర్, పొద్దున్న లేచిన కాసేపటికే ఇంజిన్ ఆగి పడిపోయిందనుకోండి. తప్పు పైలట్‌దే అన్నాను. కాలనీ అంతా నా మీద పడింది.

జయపురం బాబాయ్: దేవమాలి కొండ వైపు చలికి గడ్డి తెల్లబడిన రోజు నీ స్కూటరే కదలదు. పైలట్ ఏం చేస్తాడురా?

పాత మెకానిక్: అది గాలిలో ఎదురొచ్చిన మంచు కాదండీ, రాత్రే వచ్చి కూర్చున్నది. కవర్ వేయకపోతే ఇన్‌టేక్‌లో, అంటే ఇంజిన్ గాలి పీల్చుకునే నోట్లో చేరి, కాస్త కరిగి, మళ్ళీ గడ్డకట్టి పలకలా అతుక్కుంటుంది. స్టార్ట్ చేసినప్పుడు గేజీలన్నీ సరిగ్గానే ఉంటాయి. వేడికి పట్టు వదిలి లోపలికి జారిందా, గాలిని నొక్కి లోపలికి పంపే కంప్రెసర్ బ్లేడ్లు వంగుతాయి, లేదా లోపల మంట ఆరిపోతుంది. కింద నిలబడి చూస్తే ఇది కనపడదు. పైకెక్కి, టార్చి వేసి, చెయ్యి పెట్టి తడమాలి. మన సునాబెడ ఫ్యాక్టరీలో చేసేవి మిగ్, సుఖోయ్ యుద్ధ విమానాల ఇంజిన్లు, హెలికాప్టర్‌వి కావు. అయినా తిరిగే బ్లేడుకు మంచుగడ్డంటే రాయే.

రాయగడ అక్క: తడిమే టైమ్ ఇచ్చేదెవరు? తోడుగా మెకానిక్ ఉండడు, ఎక్కేవాళ్ళు గడియారం చూస్తుంటారు. కవర్లు కొనాల్సింది యజమాని. పైలట్‌ని ఒక్కడినే దోషిని చేస్తే మిగతావాళ్ళు చేతులు దులుపుకున్నట్టే.

పాత మెకానిక్: నిజమే. కానీ ఎగరాలా వద్దా అన్న చివరి మాట పైలట్ ఇన్ కమాండ్‌దే కదమ్మా.

బరంపురం ట్రైనీ: ఇంకో మంచు మరిచిపోయారు. రాబిన్సన్ ఆర్22 లాంటి చిన్న హెలికాప్టర్లలో పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బ్యురేటర్ ఉంటుంది. పెట్రోల్ ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది కాబట్టి బయట 20 డిగ్రీలున్నా, తేమ ఎక్కువైతే లోపల మంచు కడుతుంది. మన వానాకాలంలోనూ అంతే. ఎగిరే ముందు ఎంత తడిమినా అది దొరకదు. ఎగురుతుండగానే కార్బ్ హీట్ వేసుకోవాలి, అంటే కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపాలి. ఇంజిన్ ఆగిందా, వెంటనే కలెక్టివ్ (పై రెక్కల వాలు మార్చే లివర్) దించి ఆటోరొటేషన్‌లో, అంటే కింద నుంచి వచ్చే గాలికే రెక్కలు తిరుగుతుండగా దిగాల్సిందే. ఆర్22లో ఆలోచించుకునే టైమ్ ఉండదు, సెకన్ల లెక్క. మా ఇన్‌స్ట్రక్టర్ ఈ ఒక్కదానికే ఎన్నిసార్లు తిట్టారో!

సునాబెడ కుర్రాడు: సరే, ఆ మంచు విషయంలో నా వాదన వెనక్కి తీసుకుంటా. ఇన్‌టేక్‌లోది మాత్రం చూస్తే దొరికేదే. చూడకపోవడం తప్పే.

రాయగడ అక్క: తప్పేలే తమ్ముడూ. ఆ కవర్ ఎందుకు లేదో కూడా ఎవరైనా అడగండి మరి.