కాటన్ దొరకు పాలాభిషేకాలు సబబేనా?

గోదారిగట్టు: మే 15న కాటన్ జయంతి అని ఆయన విగ్రహానికి పాలు పోశారు. మా వైపు తర్పణాల్లో ఆయన పేరు తలుచుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన ఈస్టిండియా కంపెనీ ఇంజినీరు. ధవళేశ్వరం ఆనకట్ట కడితే శిస్తు పెరుగుతుందని లెక్కలు చూపించే డబ్బు మంజూరు చేయించుకున్నాడు. పరాయి రాజ్యం ఖజానా నింపిన పనిని ధర్మకార్యంగా కొలవాలా?

కోనసీమరైతు: తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. 1833 డొక్కల కరువులో గుంటూరు సీమలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మా జిల్లాలోనూ ఓ ఏడు వరద, ఓ ఏడు ఎండ. పక్కనే అంత గోదారి పారుతున్నా చేలో చుక్క నిలిచేది కాదు. 1852కి ఆనకట్ట పూర్తయింది. 1876-78 ధాత కరువులో సీమ, బళ్ళారి జనం లక్షల్లో చచ్చిపోతుంటే డెల్టాలో వరి పండింది. సార్వాకు, అంటే తొలి పంటకు, నీళ్ళొదిలిన పూట, చేలోకొచ్చే బోదెలోకి ఎర్రనీరు దిగగానే మా నాన్న చెప్పులు విడిచి దండం పెట్టేవారు. శిస్తు నవాబులూ గుంజారు, జమీందార్లూ గుంజారు. కాలువ తవ్విందెవరు?

సీమబిడ్డ: కర్నూలు-కడప కాలువ కూడా ఆయన ఆలోచనే. దాన్ని లండన్ వాటాదార్ల మద్రాసు ఇరిగేషన్ కంపెనీ చేతికిచ్చారు. లాభం రాలేదు, 1882లో సర్కారు కొనేసింది. ఆ తర్వాత తుంగభద్ర పథకం దశాబ్దాలపాటు కాగితాల మీదే నలిగింది. మీరు చెప్పిన ధాత కరువులో పోయింది మావాళ్ళే.

కోనసీమరైతు: అది కంపెనీ తప్పు, కాటన్‌ది కాదు. రైళ్ళకు తగలేసే డబ్బు కాలువలకు పెట్టమని ముసలితనంలో కూడా పోట్లాడాడు. 1878లో పార్లమెంటు కమిటీ ఆయన్ని కూర్చోబెట్టి ప్రశ్నలు వేసింది. పదవి చూసుకునేవాడికి ఆ గొడవ ఎందుకు?

గోదారిగట్టు: మళ్ళీ ఆయన మనసు దగ్గరికే వెళ్ళారు. నేనడిగింది ఖజానా సంగతి. కాటన్ పక్కనే ఉండి పని నడిపించిన వీణం వీరన్న గారికి పాలు పోసేవాళ్ళేరి? రాళ్ళు మోసిన కూలీల పేర్లేవి?

పాతకాగితం: ఇసుకలో పునాది వేసే విద్య కావేరి మీద చోళుల కల్లణై చూసి నేర్చుకున్నానని కాటనే ఒప్పుకున్నాడు.

మన్యంమనిషి: ఇందాకట్నుంచి చదువుతున్నా, ఒళ్ళు మండుతోంది. ఆనకట్ట కట్టిన పాతికేళ్ళకే అదే గోదావరి జిల్లా కొండల్లో రంప పితూరీ లేచింది, 1879లో. మా చెట్టు కల్లు మేం గీసుకుంటే చిగురు పన్ను. 1882లో అడవి చట్టం వచ్చాక పోడుకు కూడా అడ్డమొచ్చారు. గూడెం రోడ్డు పనికి మనుషుల్ని తోలి, కూలి ఎగ్గొట్టారు. 1922 ఆగస్టులో అల్లూరి వెంట చింతపల్లి స్టేషన్ మీదికి మావాళ్ళు ఊరికే వెళ్ళలేదు. కింద కాలువలు తవ్వించిన సర్కారే పైకి తుపాకులు పంపింది.

కోనసీమరైతు: అది వేరే చర్చ. కాటన్ ఎవరి మీదా తుపాకీ ఎత్తలేదు.

గోదారిగట్టు: 1824లో మొదలైన బర్మా యుద్ధంలో కంపెనీ సైన్యంలో ఉన్నాడండీ.

కోనసీమరైతు: బర్మా సంగతి ఇక్కడెందుకు? మన్యంతో ఆయనకేం సంబంధమో చెప్పమనండి.

మన్యంమనిషి: ఆయనతో కాదు, మీతో సంబంధం. మాది దేవీపట్నం వైపు పోలవరం ముంపు ఊరు. ఇల్లు, చింతచెట్లు, అమ్మవారి గుడి అన్నీ వదిలి కాలనీకొచ్చాం. జాబితాలో మా చెల్లి పేరు ఎక్కలేదు. అడిగితే ఈ ఆఫీసు ఆ ఆఫీసు మీద చెబుతోంది, ఆ ఆఫీసు ఈ ఆఫీసు మీద చెబుతోంది. నీళ్ళిచ్చినవాణ్ణి దేవుణ్ణి చేశారు, సరే. ఆ నీళ్ళ కోసం ఊరొదిలినవాడి తరఫున ఒక్క మాటైనా అన్నారా?

కోనసీమరైతు: మీకు జరిగింది అన్యాయమే తమ్ముడూ. కానీ పోలవరం వద్దంటే మా దాళ్వా, అదే రెండో పంట, గతేంటి? పైనుంచి నీళ్ళు తగ్గిన ఏడు మాకెంత టెన్షనో మీకు తెలీదు.

మన్యంమనిషి: ప్రాజెక్టు వద్దని నేనెక్కడన్నాను అన్నా? భూమికి భూమి ఇవ్వమంటున్నాం, అది కూడా సాగుకు పనికొచ్చేది. ఆ అర్జీ మీద మీ నీటి సంఘం వాళ్ళు సంతకాలు పెడతారా, పెట్టరా? అది చెప్పండి ముందు.