కాన్సాస్‌లో నికోడెమస్ అనే ఊరు, రైలు రాకే పాడైపోయిందా?

పర్లాకిమిడి వాసు:
అందరికీ నమస్కారం. మా మేనకోడలు కాన్సాస్ రాష్ట్రంలో హేస్ అనే ఊళ్ళో ఎమ్మెస్ చేస్తోంది, అక్కా బావా జులైలో ఎల్తన్నారు. అక్కడ చుట్టుపక్కల చూడ్డానికి ఏటుందిరా అని బావ అడిగితే మ్యాప్ తీసాను, ఎటు చూసినా పొలాలే, ఉత్తరం పక్కకి పోతే నికోడెమస్ అని ఒక ఊరు, దానికి నేషనల్ హిస్టారిక్ సైట్ (అమెరికా ప్రభుత్వం కాపాడే చారిత్రక స్థలం) అని పేరు. గట్టిగా ఇరవై మంది లేరు, అంత పేరేటి? బానిసత్వం పోయాక నల్లజాతి వాళ్ళు కట్టుకున్న ఊరట, రైలు రాకపోబట్టి పాడైందని ఒకచోట చదివాను. ఒక్క రైలుకే ఊరు పోతాదా? అసలు అంత దూరం పోయి అక్కడ ఎందుకు పెట్టినట్టు? తెలిసినోళ్ళు చెప్పండి, బావ రిటైర్డ్ టీచరు, చరిత్ర తెలీకుండా కారెక్కడు.

గుణుపురం శ్రీను:
అన్నాయ్, నేను అక్కడ చదువుకునేటప్పుడు వెళ్ళాను. ఊరు పెట్టింది 1877లో. డబ్ల్యూ.ఆర్.హిల్ అని భూముల వ్యాపారం చేసే తెల్లాయన, డబ్ల్యూ.హెచ్.స్మిత్ అని నల్లజాతాయన కలిసి టౌన్ కంపెనీ (కొత్త ఊరు కట్టే కంపెనీ) పెట్టి, దక్షిణాదిలో ఉన్న కెంటకీ రాష్ట్రంలో కరపత్రాలు పంచారు, రండి మంచి భూములున్నాయి అని. అంతర్యుద్ధం అయిపోయి బానిసత్వం పోయినా దక్షిణాదిలో నల్లజాతి వాళ్ళకి సొంత భూమి దొరకడం కష్టం, కౌలు చేసుకుంటే అప్పులే మిగిలేవి, పైగా దాడులు. ఇక్కడేమో 1862 హోమ్‌స్టెడ్ చట్టం, అయిదేళ్ళు ఉండి సాగు చేస్తే 160 ఎకరాలు రాసిచ్చేసేవారు. ఎవడికి ఆశ పుట్టదు చెప్పు.

ఆ ఏడు సెప్టెంబర్‌లో 300 మందికి పైగా వచ్చారు. ఎల్లిస్ అనే ఊరి దాకా రైలు, అక్కణ్ణించి నడకే. తర్వాతి ఏడు వచ్చినవాళ్ళు తీరా చూస్తే ఊరే కనపళ్ళేదట, నేల్లోంచి పొగ మాత్రం వస్తోందట! ఎందుకంటే అక్కడ కలపకి చెట్లు లేవు, సోలమన్ నది గట్టు వాలుని తవ్వి లోపల గది చేసుకుని, ముందర మట్టిగడ్డలో రాళ్ళో పేర్చి, పైన కొమ్మలు వేసి మట్టి కప్పేసి, పొయ్యి గొట్టం ఒకటి పైకి పెట్టుకునేవారు. డగౌట్ అంటారు. పొయ్యిలోకి అడవిదున్నల పేడ ఎండినది, మన పిడకల్లాగే. కొంతమంది ఆ ఊరు చూసి మర్నాడే వెనక్కి తిరిగిపోయారు. ఉన్నవాళ్ళకి నాగళ్ళు లేవు, ఎడ్లు లేవు, పారలతో గునపాలతో నేల తవ్వారు. మొదటి చలికాలం దాటారంటే, వేటకెళ్ళి తిరిగొస్తున్న ఒసేజ్ తెగవాళ్ళు మాంసం పంచిపెట్టబట్టి కూడా. మగాళ్ళు రైల్వే పనులకీ తూర్పువైపు పొలాల్లో కూలికీ పోయేవారు.

పదేళ్ళలో ఊరు నిలబడింది, హోటలు, చర్చిలు, దుకాణాలు, రెండు వారపత్రికలు కూడా. ఈ ఊళ్ళో ఉన్న ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో కాన్సాస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికల్లో గెలిచాడు, ఆ రాష్ట్రంలో అలాంటి పదవికి గెలిచిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే.
రైలు కథ నిజమే. 1888లో యూనియన్ పసిఫిక్ అనే రైలు కంపెనీ వాళ్ళు నదికి దక్షిణం ఒడ్డున పట్టాలేసి బోగ్ అనే స్టేషన్ పెట్టారు, నికోడెమస్ ఉత్తరం ఒడ్డున ఉండిపోయింది. షాపులన్నీ అటెళ్ళిపోయాయి.

సిరోంచ మల్లేష్:
రైలు లేకుంటే ఊరు పోతదంటే మా సిరోంచ ఎప్పుడో పోవాలె అన్నా. ఒకప్పుడు బ్రిటిషోళ్ళ కాలంల జిల్లా హెడ్డాఫీసు, ఇయ్యాల్టికీ రైలు లేదు, ప్రాణహిత ఒడ్డున ఊరు మంచిగనే ఉన్నది. నాకైతే అసలు కారణం వాన అనిపిస్తది. అమెరికా మ్యాపుల 100వ రేఖాంశం చూడున్రి, దానికి పడమర పొంటి వానలు తక్కువ, ఈ ఊరు దాని అంచుకే ఉన్నది. ఆ నేల మీద ఎండకాలం గట్టిగొడితే 160 ఎకరాలు ఏం సరిపోతయి? 1930లల్ల కరువు, దుమ్ము తుఫాన్లు, ఆ తర్వాత ట్రాక్టర్లు, పెద్ద రైతులు చిన్నోళ్ళ భూములు కొనుడు. రైలొచ్చిన బోగ్‌ల ఇప్పుడు ఎంతమంది? రెండొందలు గూడ లేరు. ఈ రెండూళ్ళున్న గ్రాహమ్ కౌంటీ (మన జిల్లా లెక్క) మొత్తం కలిపినా 2020 జనగణనల 2,500 దాటలే. రైలొచ్చినా రాకున్నా పల్లెలన్నీ గట్లనే అయినయి.

బరంపురం లక్ష్మి:
మల్లేష్ గారూ, మీరన్నది తర్వాతి సంగతి. కానీ 1888లో షాపులు ఏడాదిలో ఖాళీ అవడం వానవల్ల కాదు కదండీ. 1887లో ఊరివాళ్ళు తమ ఊరికి లైను రావాలని మిస్సోరి పసిఫిక్ అనే ఇంకో రైలు కంపెనీకి 16,000 డాలర్ల బాండ్లు (అప్పుపత్రాలు) ఇస్తామని ఓటేశారు, అయినా ఆ లైను రాలేదు. మన పర్లాకిమిడికి నౌపడా నుంచి రైలు కావాలనుకుంటే రాజావారు సొంతంగా వేయించుకున్నారు, 1900లో నడిచింది, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ కూడా. వీళ్ళకి పాపం అలాంటి రాజెవరున్నారు? కొత్త ఊరు తొలి పదేళ్ళలో దెబ్బతింటే మళ్ళీ లేవడం కష్టం, సిరోంచ అప్పటికే పాత ఊరు.

అయినా వాసూ, ఖాళీ అయింది అని ఒక్కమాటలో తేల్చేస్తే వాళ్ళకి అన్యాయం. వ్యాపారులు పోయారు గానీ రైతులు చాలామంది భూముల్ని పట్టుకునే ఉన్నారు. పోస్టాఫీసు 1953 దాకా నడిచింది. ఏటా జులై చివరి వారాంతంలో హోమ్‌కమింగ్ అని చేస్తారు, ఎక్కడెక్కడో ఉన్న ఆ ఊరి సంతతి వాళ్ళు వచ్చేస్తారు. మన దగ్గర గ్రామదేవత పండక్కి సూరత్ నుంచి కూడా జనం దిగిపోరూ? 1996లో నేషనల్ హిస్టారిక్ సైట్ చేశారు, అందులో అయిదు పాత భవనాలున్నాయి, టౌన్‌షిప్ హాలు, స్కూలు, పాత హోటలు, రెండు చర్చిలు.

పర్లాకిమిడి వాసు:
లక్ష్మక్కా, మల్లేష్ అన్నా, శ్రీనూ, థ్యాంక్స్. మొత్తం బావకి పంపేసాను, ఆ డగౌట్ సంగతి చదివి టికెట్ తేదీ మార్పించమంటన్నాడు, ఆ పండగ టైముకి. హేస్ నుంచి ఎలా ఎల్లాలి?

గుణుపురం శ్రీను:
183 రోడ్డు మీద ఉత్తరానికి స్టాక్‌టన్ దాకా వెళ్ళి 24 రోడ్డులో పడమటికి తిరగండి. నన్నడిగితే వెళ్ళేటప్పుడు ఐ-70 హైవే మీద పక్కనే ఉన్న ఎల్లిస్ మీదుగా పోండి, వాళ్ళు రైలు దిగి నడిచింది ఆ వైపే. ఊళ్ళో తిండి, పెట్రోలు దొరకవు అనుకునే బయల్దేరండి, సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్ అని బోర్డు చూసి భోజనం అడగొద్దని బావగారికి చెప్పు, అది చూసే హోటలే. విజిటర్ సెంటర్ ఏ రోజులు తెరుస్తారో ఆ స్థలాన్ని చూసుకునే నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి.