గొడుగు పన్నె కుట్ర గోడతోడ

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

*గొడుగు పన్నె కుట్ర గోడతోడ*

అయిదూ మూడు మాత్రల సూర్యగణాలే, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) గొ–గో. గొడుగుకూ గోడకూ కుట్ర ఎందుకు కుదిరిందో, పై మూడు పాదాలూ రాసి పూరించేవారే చెప్పాలి.

మొదటి పూరణ

మబ్బు లేనినాడు మన చంక నుండును
వాన వచ్చునాడు వదలిపోవు
మేకుమీద నెక్కి మిన్నకుండుచు నవ్వె
గొడుగు పన్నె కుట్ర గోడతోడ

*పరిశీలన:* హాయిగా సాగింది. మేకు గోడదే కాబట్టి నేరంలో గోడ వాటా తేలిపోయింది. అయితే ‘ఉండును’, ‘పోవు’ అని అలవాటుగా చెప్పి, మూడో పాదంలో ‘నవ్వె’ అని భూతకాలంలోకి దూకారు. ‘నవ్వు’ అంటే గణం చెడదు, కాలమూ కుదురుతుంది.

రెండో పూరణ

తాళపుచెవి దాగె తలదిండు కిందను
కంటిజోడు తలను కాపు కాచె
పట్టుబడిన వెనుక బయటపడె నిజము
గొడుగు పన్నె కుట్ర గోడతోడ

*పరిశీలన:* రెండో పాదం అద్భుతం. ఇల్లంతా వెతికిన కళ్ళజోడు నెత్తిమీదే కాపలా కాయడం ఎంత బాగుంది! గణాలు, యతులు నిర్దోషం. కానీ దొరికిన దొంగలు వేరు, శిక్ష పడింది గొడుగుకు.

*పూరించినవారి జవాబు:* అష్టావధానంలో ప్రశ్నలడిగే పృచ్ఛకుడు ఇచ్చేదే పొంతన లేని పాదం కదండీ?

*పరిశీలకుడు:* అవునండీ, ఆ పొంతన కల్పించడమే అవధాని పని. పై మూడు పాదాలూ చదివాక నాలుగోది తప్పనిసరి అనిపించాలి. మీ పద్యంలో గొడుగు బదులు చీపురు పెట్టినా ఏమీ మారదు.

మూడో పూరణ

శీతకాలమంత చేతికి పనిలేక
చెమ్మ నింపుమనుచు చేరి పలికి
ఇంటిలోన వాన నిత్తుననగ మెచ్చి
గొడుగు పన్నె కుట్ర గోడతోడ

*పరిశీలన:* నా ఓటు దీనికే. కుట్రకు కారణం ఉంది, బేరం ఉంది, గోడ నోట మాటా ఉంది. ఇటుకల సన్నని రంధ్రాల గుండా నీరు గోడలోకి పాకడం, సున్నం పొక్కులు లేవడం మనం చూసేదే. తడి గొడుగును మూలకు ఆనించిన చోట ఆ మరక మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కవి ఊహకు ఆ మరకే సాక్ష్యం. శీ–చే యతి చెల్లుతుంది: శకారానికి చకారంతో మైత్రి, ఈ–ఏ స్వరాలకూ మైత్రి. ‘పలికి, ఇంటి’ దగ్గర విసంధి (రెండు అచ్చులను సంధి చేయకుండా వదిలేయడం) ఉంది. ‘యింటి’ అని రాస్తే ఛాందసులు కూడా ఒప్పుకుంటారు.

నాలుగో పూరణ, మొదటి పాదం వరకే వచ్చింది

తలుపుచాటు చేరి గుసగుసలాడుచు

*పరిశీలన:* త–గు యతి కుదరదు. ‘తగ గుసగుసలాడి’ అని సర్దవచ్చు గానీ, ‘తగ’ వట్టి పూరక పదం. ‘గూటిచాటు చేరి గుసగుసలాడుచు’ అనండి. దీపం పెట్టుకునే గూడు గోడలోనే ఉంటుంది కనుక, యతితో పాటు కుట్ర జరిగిన చోటూ దొరికింది. మిగిలిన రెండు పాదాలు పూర్తి చేసి పంపండి.