అరబిక్ టీచింగ్, పీహెచ్‌డీ: హైదరాబాద్‌లో బతుకుతెరువు అవుతుందా?

తార్నాక_అమ్మాయి: ఎం.ఏ. అరబిక్ అయిపోవస్తోంది. తక్కువ కాలంలో భాష నేర్పే ఇంటెన్సివ్ కోర్సుల మీద పీహెచ్‌డీ చేసి, టీచింగ్‌లోనే ఉండాలని ఉంది. ఇంట్లోవాళ్లేమో బ్యాంకు కోచింగ్ అంటున్నారు. ఏమంటారు?

పాతబస్తీ_భాయ్: చేయమ్మా. ఇఫ్లూ, ఉస్మానియా, మనూ... మూడు యూనివర్సిటీల్లోనూ అరబిక్ ఉంది. పాత అరబిక్ పుస్తకాలు అచ్చువేసే దాయిరతుల్ మారిఫ్, 1888లో పుట్టింది, ఈ ఊళ్లోదే.

గంటల_పంతులు: మూడు చోట్ల డిపార్ట్‌మెంట్ ఉంటే మూడు ఉద్యోగాలున్నట్టా? లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష నెట్ పాసై కూడా ఏళ్ల తరబడి గంటల లెక్కన పాఠాలు చెబుతున్నా. ఎండాకాలం జీతం సున్నా. ఇక ఇంటెన్సివ్ అంటారా, అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు అరబిక్ నేర్పడానికి 2,200 గంటలు పెట్టుకుంటుంది. ఇక్కడ ఎవరు పెడతారు?

ఆస్పత్రి_దుబాసీ: హోంవర్క్ కలిపి చెప్పుంటారు.

గంటల_పంతులు: క్లాసు గంటలే సార్. 88 వారాలు, వారానికి 25. గుణించుకోండి.

ఆస్పత్రి_దుబాసీ: సరే, అది లిపి కూడా తెలియని అమెరికావాళ్ల లెక్క. ఉర్దూ చదువుకున్న పిల్లలకు అక్షరాలు, బోలెడు మాటలు ముందే వచ్చు. వాళ్లకూ అన్నే గంటలా?

గంటల_పంతులు: జగిత్యాల నుంచి తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లాడి సంగతేంటి?

ఆస్పత్రి_దుబాసీ: మాట మార్చకండి. మీ ఎం.ఏ. పిల్లలు మా ఆస్పత్రికి పని కోసం వస్తారు. పేపరు గడగడా చదువుతారు. సూడాన్ పెద్దాయన నొప్పి ఎక్కడో చెబుతుంటే నోరెళ్లబెడతారు.

గంటల_పంతులు: రాతలో ఒక అరబిక్, ఇంట్లో ఇంకొకటి అని భాషావేత్త ఫెర్గూసన్ 1959లోనే రాశాడు. అదీ మా తప్పేనా? నలభై మంది క్లాసులో ‘ఐన్’ అక్షరం అందరి గొంతులోంచీ సరిగ్గా పలికేలోపే బెల్లు కొడతారు.

ఆస్పత్రి_దుబాసీ: అయితే మాట్లాడే క్లాసులు మాకివ్వండి! పొద్దస్తమానం యెమెన్, ఒమాన్ పేషెంట్లతోనే ఉంటాను. నెట్ లేదని ఒక కాలేజీవాళ్లు కూర్చోమని కూడా అనలేదు.

గంటల_పంతులు: అదీ సంగతి! ఇంతసేపూ దీనికా? రేపు నెట్ అక్కర్లేదంటే నాకున్న నాలుగు గంటలూ మీకే పోతాయి. నేనెందుకు ఒప్పుకుంటాను?

పాతబస్తీ_భాయ్: పాపం ఆ పిల్ల ఏమడిగింది, మీరేం మాట్లాడుతున్నారు.

తార్నాక_అమ్మాయి: ఉర్దూ వచ్చినవాళ్లకి, రానివాళ్లకి ఎన్ని గంటలు తేడా పడుతుందో మన క్లాసుల్లో ఎవరైనా కొలిచారా సార్?

గంటల_పంతులు: నాకు తెలిసి లేదు. నువ్వు కొలువు. కానీ జేఆర్‌ఎఫ్, అదే రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, రాకుండా మాత్రం చేరకమ్మా.