పాత ఫోనుతో పిల్లల స్టాప్ మోషన్: బొమ్మ మినుకుమంటుంది, ఏం చెయ్యాలె?

ప్రశ్న (నల్లగొండ):
పిల్లలకు 8, 12 ఏళ్లు. పాత ఆండ్రాయిడ్ ఫోనుతో స్టాప్ మోషన్, అంటే చింతగింజలను కొంచెం కొంచెం జరుపుకుంట ఒక్కో ఫోటో తీసి, అవే నడిచినట్టు సినిమా చేస్తున్నరు. ఆడిస్తే వెలుతురు ఎక్కువ తక్కువ అయితుంది, గింజలు ఎగిరెగిరి పడుతున్నయి. దీని తర్వాత నాయనమ్మ జొన్న రొట్టె చేసుడు తీస్తమంటున్నరు. కెమెరా కొనేది లేదు. ఎట్ల నేర్పాలె?

జవాబు 1:
మినుకు ఎక్కువగా ఫోను ఆటో చేసే పని. ప్రతి ఫోటోకూ వెలుతురు మళ్లీ కొలుచుకుంటుంది. పిల్లోడి తెల్ల చొక్కా ఫ్రేములోకి వచ్చినా లెక్క మారిపోతుంది. తెర మీద గింజల దగ్గర రెండు మూడు సెకన్లు వేలు అదిమి పట్టండి. చాలా ఫోన్లలో తాళం గుర్తు వచ్చి ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుతురు లెక్క) మారకుండా ఆగిపోతాయి. కిటికీ మూసి ఒక్క ఎల్ఈడీ బల్బు కింద తీయండి, మబ్బు పట్టినా ఫరక్ పడదు. ప్రో మోడ్ (కెమెరా లెక్కలు మనమే పెట్టుకునేది) ఉంటే షట్టర్ 1/50 పెట్టండి, అంటే ఒక్కో ఫోటోకు సెకనులో యాభయ్యో వంతు సేపు వెలుతురు పడుతుంది. వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ సరిచేసేది) ఆటో తీసేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. 1/50లో రెండు విడతలు పూర్తిగా పడతాయి, అన్ని ఫోటోలూ ఒకే తీరుగా వస్తాయి.

గింజలు ఎగరడం అడుగు పెద్దదవడం వల్ల. సెకనుకు 12 ఫోటోలు, 10 సెకన్లకు 120. ఫోటోకు 3 మిల్లీమీటర్లే జరపాలి. కదిలే ముందు, ఆగే ముందు ఇంకా తక్కువ. చాప మీద వద్దు, గింజతో పాటు చాపా జరుగుతుంది. పీట మీద చార్టు అతికించి, ఫోను రెండు ఇటుకల నడుమ ఇరికించి, 3 సెకన్ల టైమర్ పెట్టండి. వేలితో నొక్కితే ఫ్రేము కదిలిపోతుంది.

జవాబు 2 (మహబూబ్‌నగర్):
రొట్టెను ఒకే షాట్ల తీయనియ్యకుండ్రి. పెద్దోడితోని ముందు కాగితం మీద అయిదు బొమ్మలు గీయించుండ్రి: వంటింట్ల నాయనమ్మ, పిండి పిసికే చేతులు, రొట్టె తట్టుడు, పెంక మీది రొట్టెకు నీళ్లు రాసుడు, ఆమె ముఖం. ఒక్కోటి 10 సెకన్లు కదలకుండ పట్టాలె. జూమ్ వద్దు, దగ్గరికి నడవాలె. వెనుక తలుపు తెరిచుంటే ముఖం నల్లగొస్తది. ఆమెను జరపకుండ పిల్లలే తలుపు దిక్కు నిలబడాలె. రొట్టె పొంగుడు మళ్లీ దొరకదు, తిరగెయ్యకముందే ఫోకస్ లాక్ చేసి రికార్డు నొక్కాలె. లేకుంటే ఆవిరికి ఫోకస్ ఎటో పోతది. తట్టే చప్పుడు ఇంకో ఫోనుల, జానెడు దూరం నుంచి, ఫ్యాను బంద్ చేసి 30 సెకన్లు పట్టుండ్రి. ఆ టపటప లేకుంటే సినిమా సప్పగుంటది.

జవాబు 3:
8 ఏళ్ల పాపకు ప్రో మోడ్ ఇప్పుడే ఎందుకు? ముందు నీడ చూపించండి. దగ్గరే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది కదా, లింగం వెనుక గోడ మీద స్తంభం నీడ పగలంతా నిలిచే ఉంటుంది. ఇంట్లో చీకటి గదిలో ఒక సీసా, రెండు టార్చీలు పెట్టండి. రెండు నీడలు పడతాయి, అవి కలిసిన చోటే చిక్కటి నలుపు. రోజుకు 10 ఫోటోలే అని కట్టడి పెడితే చూసి మరీ తీస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
1/50 పెడితే అంతా తెల్లగ పోతుంది.

జవాబు 1:
ప్రో మోడ్‌లోనే ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలనే లెక్క) 100కు దించండి. అయినా తెల్లగుంటే బల్బును దూరం జరపండి, షట్టర్ ముట్టుకోవద్దు.